కుర్చీలో పెద్దాయన

"కార్డు ఉందా?" అన్నాడు హాలు గేటు దగ్గర మనిషి.

ఎస్తేరు తల దించుకుంది. పక్కనున్న మార్తమ్మ పిన్నే అందుకుంది.

"దీని నాన్న పేరు దైవాధీనం. ఆదినారాయణ గారి పొగాకు ఆరబెట్టే బేరన్లో పదిహేనేళ్ళు పొయ్యి దగ్గర పనిచేశాడు బాబూ. మొన్న ఈస్టరుకు ముందే పోయాడు. పిల్ల దగ్గర ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఈ సినిమాలో కనపడతాడేమోనని పామిడిముక్కల నుంచి వచ్చాం."

"నిలబడి చూస్తారా మరి?"

"చూస్తామండీ," అంది ఎస్తేరు గబుక్కున.

గుడివాడ హాల్లో ఆ ఉదయం ఆట ఆదినారాయణ గారి కుటుంబానిదే. వాళ్ళ మూడు తరాల పొగాకు వ్యాపారం మీద మద్రాసు వాళ్ళు పావుగంట డాక్యుమెంటరీ తీశారు. పెద్దాయన మెడలో దండతో ముందు వరసలో కూర్చున్నారు. డెబ్బై దాటినా దుక్కలా ఉన్నారు.

దీపాలు ఆర్పేశారు. తెర మీద లంక పొలాలు, ఆకు మోసే బళ్ళు. పచ్చి ఆకును కర్రలకు కడుతున్న ఆడవాళ్ళు. తర్వాత బేరను. పొయ్యి ఎగదోస్తున్నది ఎవరో కుర్రాడు.

"మీ నాన్న ఏడే? సినిమా తీసినవేళ పనిలోకి వెళ్ళలా?"

"వెళ్ళాడు పిన్నీ."

"మరి కనపడ్డేం? ఇంత దూరం ఈ మొద్దు మొహాన్ని చూడ్డానికా వచ్చింది!"

ఎస్తేరు తెర మీంచి చూపు తిప్పలేదు.

చివర్లో పెద్దాయన వచ్చారు. అరుగు మీద టేకు కుర్చీ. భుజాల మీద జరీ శాలువా, చేతిలో చుట్ట. ఎదురుగా బేరన్ల వరస. అంతా వెనక నుంచి తీశారు.

"ఇన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందంటే ఈయన చలవే," అంది సినిమాలో గొంతు.

కుర్చీలో మనిషి పొగ వదిలి, కాస్త దగ్గి, ఎడమచేత్తో మెడ వెనక రుద్దుకున్నాడు. హాలంతా చప్పట్లు.

ఎస్తేరు ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా వెక్కిళ్ళు ఆగలేదు.

మార్తమ్మ హడలిపోయింది. "ఊరుకోవే! అయ్యగారు ఎదురుగా నిక్షేపంలా ఉంటే ఆయన బొమ్మ చూసి ఏడుస్తావా? ఎవరన్నా చూస్తే తంతారు!"

ఎస్తేరు కన్నీళ్ళలోంచే తెర మీది ఆ ఎడమచేతిని చూస్తోంది.

బొమ్మ తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని భయపడి, ఆవేళ పెద్దాయన తన శాలువా కప్పి, తన చుట్ట చేతికిచ్చి, తన కుర్చీలో దైవాధీనాన్ని కూర్చోబెట్టారు.