నీలం బొట్టు

పెళ్లిపీటల మీద కూర్చున్న తన్మయి నుదుట బొట్టు నీలానికి తిరుగుతోందని ముందుగా చూసింది తల్లి ప్రవల్లికే. తలనొప్పి రాకముందే రంగు మారి హెచ్చరించే ఆ బొట్టు లేని నుదురు ఇప్పుడు ఊళ్లో లేదు. అయినా ఆవిడ గబగబా పీటల దగ్గరికి వచ్చింది. పొద్దుటి నుంచి పిల్ల ఉపవాసం, పైగా సాంబ్రాణి పొగ, డోలు మోత.

"పంతులుగారూ, అమ్మాయి బొట్టు..."

"చూశానమ్మా. ముహూర్తానికి ఇంకా టైముంది. ముందు పిల్లకి మజ్జిగ ఇవ్వండి, అరటిపండు పెట్టండి. ఆ సాంబ్రాణి అవతలికి తియ్యండర్రా!"

ఎవరూ చెప్పకుండానే డోలు ఆగింది. దీపాలు తగ్గాయి. హాలు నిండా ఉన్న జనం గుడిలో నిలబడ్డట్టు గొంతులు తగ్గించారు. తన్మయి కళ్లు మూసుకుని మెల్లగా మజ్జిగ తాగింది. కాసేపటికి బొట్టు మళ్లీ ఎర్రబడింది.

ముహూర్తానికి గట్టిమేళం మోగలేదు. సన్నాయి ఒక్కటే సన్నగా పలుకుతుంటే, పిల్లలిద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి నవ్వుకున్నారు.

ప్రవల్లిక కన్నార్పలేదు. ఈ బొట్లు రాని రోజుల్లో, పార్శ్వపు నొప్పితో కళ్లు తెరవలేకుండానే ఆవిడ పీటల మీద కూర్చుంది.

"ఏవండీ, మన పెళ్లి కూడా ఇంత అందంగా జరిగిందా?" అని భర్తని అడిగింది.