మీసం తగిలిన చీమ

వెలుగు సోకని పెద్ద పుట్టలో చీమలన్నీ మీసాలు తాకించుకునే పలకరించుకునేవి. ఈ మధ్య ఆ పలకరింపంటేనే వాటికి హడలు పుట్టింది. ఎందుకంటే రోజూ పొద్దున్నే ఒక గండుచీమ బారు వెంట నడుస్తూ ఎవరో ఒకరి నెత్తిన మీసం ఆనించేది. ఆనించిందంటే ఆ చీమ పుట్ట వదిలి పోవాల్సిందే.

మొదట కుంటిచీమ పోయింది. "పాపం, నడవలేదు కదా" అన్నాయి మిగతావి. తర్వాత మిడత కాలుని ఒంటరిగా ఈడ్చుకొచ్చిన బలమైన చీమ పోయింది. "దానికి పొగరెక్కువలే" అన్నాయి. ఏదో ఒక కారణం దొరికితే గానీ ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఇవాళ తౌడమ్మ వంతు వచ్చింది. వానాకాలమంతా, బారులో తన వెనకే నడిచే నూకాలు అనే చీమతో కలిసి గింజలు మోసిన నేస్తం అది. వెళ్తూ వెళ్తూ నూకాలు వైపు మీసం చాపింది. నూకాలు భయంతో తల వెనక్కి లాక్కుంది.

తర్వాత ఉండబట్టలేక గండుచీమ వెంట పరిగెత్తింది.

"బాబూ, మా తౌడమ్మ ఏం తప్పు చేసింది?"

"తప్పా? రోజుకొకరిని పంపెయ్యమని పైవాళ్ళు అన్నారు. ఎవరినో చెప్పలేదు. ఈ చీకట్లో నాకేం కనిపిస్తుంది? మీసం ఎవరికి తగిలితే వాళ్ళే. నువ్వు దాని వెనకే ఉన్నావంటే వెంట్రుకవాసిలో తప్పించుకున్నట్టే" అంది గండుచీమ.

నూకాలు తిరిగి రాగానే చీమలన్నీ చుట్టూ మూగాయి.

"ఏమైందే? ఎందుకట?"

నూకాలు "మొన్న గింజ తడిపిందట" అంది.

చీమలన్నీ హమ్మయ్య అనుకుని తమ గింజలు తుడుచుకోవడం మొదలుపెట్టాయి. అన్నిటికంటే గట్టిగా తుడిచింది నూకాలే.