మూడు నూనె చుక్కలు

రాగ్నా కంచం పక్కకు జరిపి, నాలుగున్నరకి కారు వస్తుందని చెప్పింది.

ఎవరి కారు అని రోసాల్బా అడగలేదు. పిల్లల్ని దేశాలు మార్చి చదివించే సంస్థ వాళ్ళది. నార్వే నుంచి వచ్చిన ఈ పిల్ల ఇంట్లో అడుగుపెట్టి ఇవాళ్టికి అయిదో రోజు. రోసాల్బా కూతురు మరీలెనా అక్కడ ఈ పిల్ల వాళ్ళింట్లో, ఈ పిల్ల మంచం మీదే పడుకుంటోంది. అమ్మాయికి అమ్మాయి. ఒకరు ఏడాది నిలవకపోతే రెండోవారూ పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి. ఆ చోటు కోసం మరీలెనా రెండేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు ఫోన్ చేసినా రెండు మాటలతో పెట్టేస్తోంది. అక్కడ అంత బాగా కలిసిపోయిందన్నమాట అనుకుంటోంది తల్లి.

"ఇక్కడ ఏం తక్కువైందమ్మా నీకు?" అంది రోసాల్బా.

రాగ్నా తనకు వచ్చిన నాలుగు మాటలూ కూడగట్టుకుంది. "తక్కువ లేదు. తలనొప్పి. తినలేను. అందరూ చూస్తారు."

నిజమే, అందరూ ఆ పిల్ల కంచంలోకే చూస్తున్నారు. రోసాల్బా మొగుడు ముందుగా చూపు తిప్పుకున్నాడు.

"ముద్ద దిగకముందే మళ్ళీ వడ్డిస్తావు. మన పందినైనా ఇంత తొందరగా మేపలేదే నువ్వు," అన్నాడు.

రోసాల్బా గరిటె గిన్నెలో పెట్టేసింది. శనగలు వేసి వండిన పాస్తా చల్లారిపోతోంది.

రాగ్నా లేచి గదిలోకి పోయింది, చెప్పుల్లేకుండా, రాతి నేల మీద. వచ్చిన రోజూ అంతే. తలస్నానం చేసి తడి జుట్టుతో కిటికీ తెరుచుకుని కూర్చుంది. మెడకి గాలి కొడుతుందని రోసాల్బా పరుగెత్తుకెళ్ళి కిటికీ మూసి, మరీలెనా బీరువాలోంచి నీలం స్వెటర్ తీసి తొడిగింది. మర్నాడు కిటికీ మళ్ళీ తెరుచుకుంది కానీ, స్వెటర్ మాత్రం ఒంటిమీదే ఉంది. ఈ ఇంట్లో ఆ పిల్లకి నచ్చింది అదొక్కటే.

అత్తగారు కొన్చెత్తా పొయ్యి పక్కన కూర్చుని అంతా వింది. ఆ వీధి మొత్తానికి దిష్టి తీయడం ఆమెకొక్కదానికే వచ్చు. దానికి చదివే మాటలు వాళ్ళమ్మ ఆమె చెవిలో చెప్పి పోయింది. కోడలికి ఇంకా చెప్పలేదు.

"పళ్ళెంలో నీళ్ళు పోసి తే," అంది.

"ఆ పిల్ల కూర్చోదు అత్తయ్యా. నిన్న మీరు తల మీద చెయ్యి వేస్తేనే లేచిపోయింది."

"కూర్చోకపోతే ఒంటిమీది గుడ్డ చాలు. అర్జెంటీనాలో ఉన్న మా తమ్ముడికి చొక్కా మీద తీశాను నేను."

రోసాల్బా గదిలోకి తొంగిచూసింది. రాగ్నా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. స్వెటర్ కుర్చీ వీపుకి వేలాడుతోంది. అడుగు చప్పుడు కాకుండా తెచ్చి అత్తగారి ఒళ్ళో వేసింది.

"ఒంటిమీదిదేనా?" అడిగింది ముసలామె.

"అయిదు రోజులుగా పడుకునేటప్పుడు తప్ప విప్పితే ఒట్టు."

కొన్చెత్తా స్వెటర్ మీద మూడుసార్లు సిలువ గీసింది. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. చిటికెన వేలు నూనెలో ముంచి నీళ్ళలో ఒక చుక్క విడిచింది. చుక్క చుక్కలా నిలవలేదు. విచ్చుకుని, పలచబడి, మాయమైంది. రెండోదీ అంతే.

"ఎంత కన్ను పడిందే దీని మీద," అని ఆవులించింది. మళ్ళీ ఆవులించింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా గొణుగుతూనే ఉంది. రోసాల్బా ఆ నీళ్ళు పెరటి గోడ వారన, ఎవరూ తొక్కని చోట పారబోసి, కొత్త నీళ్ళు తెచ్చింది. మూడో చుక్క నీళ్ళ మీద శనగగింజలా గుండ్రంగా నిలిచింది. చర్చి గంట మూడు కొట్టింది.

"పోయింది. ఇక ఆకలంటూ వస్తుంది చూడు," అంది కొన్చెత్తా.

రోసాల్బా పాస్తా మళ్ళీ వేడి చేసి కంచం సర్ది కూర్చుంది. నాలుగుంబావుకి గది తలుపు తెరుచుకుంది. రాగ్నా చేతిలో పెట్టె ఉంది.

"తల ఎలా ఉంది తల్లీ?"

"అలాగే."

"ఒక్క వారం ఉండి చూడు. నీ కోసం కాకపోయినా..." రోసాల్బా అక్కడ ఆగిపోయింది.

రాగ్నాకి అర్థమైంది. మరీలెనాని క్షమించమనండి అని, తల దించుకుని మెట్లు దిగింది. రోసాల్బా మొగుడు పెట్టె మోసుకుంటూ వెనకే వెళ్ళాడు. కారు వాలులో దిగిపోయే చప్పుడు వంటింట్లోకి చాలాసేపు వినబడింది.

"మీ నూనె పాడైపోయినట్టుంది అత్తయ్యా."

"నూనె ఈ ఏటిదే. మాటలు మా అమ్మవి. ఇంతవరకూ తప్పింది లేదు," అంది కొన్చెత్తా, ఒళ్ళోని స్వెటర్ మడతపెడుతూ.

ఫోన్ మోగింది. మరీలెనా. ఈ సంగతి దానికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో రోసాల్బాకి తోచలేదు. అవతలి గొంతు ఆమెను మాట్లాడనివ్వనూ లేదు.

"అమ్మా, నీకు చెప్పలేదు కానీ, వచ్చిన రోజు నుంచీ ఒకటే తలనొప్పి. ముద్ద దిగలేదు. పొద్దున పెట్టె కూడా సర్దేశాను. మూడింటికి, ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఇప్పుడే రెండు కంచాలు ఖాళీ చేశాను."

రోసాల్బా అత్తగారి ఒళ్ళోకి చూసింది. మడతలో స్వెటర్ మోచెయ్యి పైకి వచ్చి ఉంది. కిందటి చలికాలం కూతురు దాన్ని మేకుకి తగిలించి చింపుకొస్తే, తిడుతూ తానే ముదురు ఊలుతో కుట్టింది.

"వింటున్నావా అమ్మా? రాగ్నాతో చెప్పు, జూన్ దాకా తన మంచం ఖాళీ చేసేది లేదని."