ఒక్క గీత

"ఫలితం అబ్బాయికొక్కడికే చెప్పాలి సార్. మా పరిశోధన నియమం అది," అంది సనోబర్, మూత్రపరీక్ష పట్టీని అరచేత్తో మూస్తూ.

"నా ఇంట్లో నాకే నియమాలేటమ్మా!" గుడ్లురిమాడు కొండలరావు.

డీ-అడిక్షన్ సెంటర్లో వైద్యం చేయించుకున్నవాళ్లు ఆరునెలలకి ఎలా ఉన్నారో, ఆ వైద్యం నిజంగా పనిచేసిందో లేదో తెలుసుకోడానికి సనోబర్ ఇల్లిల్లూ తిరుగుతోంది. గోపాలపట్నంలో ఈ ఇంటికొచ్చింది కొండలరావు కొడుకు నాగవంశీ కోసం.

"అందరి ముందే చెప్పండి మేడం," అన్నాడు నాగవంశీ. వాడికేం బెరుకు! సెంటర్ నుంచి వచ్చాక గంజాయి వాసన కూడా చూసి ఎరగడు. యారాడ బీచికి రమ్మని పాత జట్టు ఎంత పిలిచినా కదల్లేదు. ఇందాక తల్లి చేత మూత్రం సీసా కూడా దర్జాగానే పంపాడు. ఇవాళ్టితోనైనా నాన్న నోరు మూతపడుతుందని వాడి ఆశ.

సనోబర్ తటపటాయించింది. "రెండు గీతలు రావాలి, ఒక్కటే వచ్చింది. అంటే... ఒంట్లో గంజాయి ఉన్నట్టే."

"అబద్ధం! ఆ పట్టీయే తప్పు!" అని అరిచాడు నాగవంశీ.

ఇక చూడాలి కొండలరావు వీరంగం! లేచి కొడుకు చొక్కా పట్టుకున్నాడు. "కుక్కతోక వంకరని ఊరికే అన్నారేటి! స్టీల్‌ప్లాంటులో తలెత్తుకు తిరిగినోణ్ణి. నీ వల్ల క్యాంటీన్లో అందరూ ఎనకాల నవ్వుతన్నారు. ఈ ఇంట్లో నువ్వో నానో తేలిపోవాల!"

"నాను ముట్టలేదు నాన్నా! అమ్మ తోడు!"

"పైగా అమ్మ మీద ఒట్టేత్తన్నావేట్రా? సిగ్గులేదా?"

నాగవంశీకి అరికాలిమంట నెత్తికెక్కింది. మానకపోయినా దొంగే, మానినా దొంగే. ఈ మాత్రానికి అంత యాతన పడి మానడం ఎందుకు? తండ్రి చెయ్యి విదిలించి కొట్టి, దండెం మీది చొక్కాలు సంచీలో కుక్కాడు. "పోతన్నాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కితే సూడు!"

"ఆగు తమ్ముడూ, ఇంకోసారి పరీక్ష చేస్తాను," అంటూ సనోబర్ అడ్డు వెళ్లింది.

"అక్కర్లేదమ్మా! ఈడికి ఏ వైద్యమూ పని సెయ్యదని రాసుకోండి! పోరా!" అని కొడుకుని గుమ్మంలోకి నెట్టాడు కొండలరావు.

అంతవరకూ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ భ్రమరాంబ విసురుగా వచ్చి మొగుడి చెయ్యి లాగేసింది.

"ఆణ్ణొగ్గెయ్యండి! దొరికిపోతాడేమోనని బయపడి సీసా మార్చిచ్చింది నాను. షుగర్ టెస్టుకని పొద్దున్న మీరు సీసాలో పట్టి బాత్రూంలో పెట్టేరు సూడండి... అది మీదండీ!"