ముప్పై ఆరో సభ్యుడు

బుధవారం పొద్దున్నే పరబ్రహ్మం ఆఫీసు యాప్ తెరిచి 'మనోళ్ళు' కమ్యూనిటీలో శుభోదయం అని పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఒక్కరూ పలకలేదు.

నాలుగు రోజులుగా ఇదే వరస. ఎప్పుడూ సంతలా ఉండే చోట చీమ చిటుక్కుమనడం లేదు.

ఆ కమ్యూనిటీని పెట్టింది అతనే. భిలాయిలో బాయిలర్లు, చిమ్నీలు బాగుచేసే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో అతను టైమ్‌కీపరు. రెండేళ్ళ కిందట రాయపూర్ హెడ్డాఫీసు మేనేజరు ఈ యాప్ తెచ్చి అందరూ ఇందులోకి రావాల్సిందే అన్నప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు బిక్కమొహాలు వేశారు. పరబ్రహ్మం ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ప్రొఫైలు నింపాడు. గోడకు నిలబెట్టి ఫొటో తీశాడు. సొంతూరేది, పిల్లలెంతమంది, ఎవరితో స్నేహం, అన్నీ ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. షిఫ్టుల వారీగా టీమ్‌లు కట్టాడు. ఆ తర్వాత తెలుగువాళ్ళకంటూ విడిగా 'మనోళ్ళు' తెరిచాడు.

"ఇక్కడ అందరం మనమే. కడుపులో ఉన్నది రాసుకోండి," అన్నాడు.

రాశారు. రాయడం రానివాళ్ళు గొంతు రికార్డు చేసి పెట్టారు. కోటమ్మ మోకాళ్ళ నొప్పి, మేస్త్రీ నోటి దురుసు, చిమ్నీ ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే బెల్టులు పీలికలైపోవడం, అన్నీ అందులోకే వచ్చేవి. ఏది వచ్చినా ముందు బదులిచ్చేది పరబ్రహ్మమే. వయసుతో పని లేకుండా అందరికీ అతను బాబాయి.

బెల్టు కొక్కెం విరిగిందని ఫొటో పెట్టిన ఆంజికి వారం తిరక్కుండా గేటు పాసు ఆగిపోయింది. పాసు లేకపోతే పని లేదు. ఆ ఇంటికి అందరికంటే ముందు వెళ్ళింది పరబ్రహ్మమే. పై నెలలో నాగలక్ష్మి పాసూ ఆగింది. ఆమె గుమ్మంలో కూర్చుని అతనూ కళ్ళు తుడుచుకున్నాడు.

అలాంటి మనిషికి ఇప్పుడు పలకరింపు కరువైంది.

టీ వేళ పక్కన కూర్చున్న కూలీ చిన్నారావు ఫోను బల్ల మీద మోగింది. తెర మీద 'బెల్టు' అని కొత్త టీమ్ పేరు. కింద, సభ్యులు ముప్పై ఐదుగురు. పరబ్రహ్మం మనసులో లెక్క వేసుకున్నాడు. 'మనోళ్ళు'లో తనతో కలిపి ముప్పై ఆరుగురు. తను తప్ప అందరూ ఉన్నట్టే.

"ఏటిరా అది?"

"ఏటీ నేదు బాబాయ్," అంటూ చిన్నారావు ఫోను బోర్లించాడు.

"ఎవలు పెట్టారు?"

చిన్నారావు గ్లాసు కడగడానికని లేచాడు. అటు తిరిగి, "కల్యాణి," అన్నాడు.

ఆ పేరు విన్నాక పరబ్రహ్మం టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. కల్యాణి అతని స్నేహితుడు గోపాలస్వామి కూతురు. స్నేహితుడు పోయాక ఆ పిల్లను వెల్డింగు పనిలో పెట్టించింది అతనే. ఇంకెవరు చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

పని దిగగానే కోహ్కా బస్తీలో ఆమె ఇంటికి వెళ్ళాడు. కల్యాణి కుర్చీ లాగింది. అతను కూర్చోలేదు.

"నేనొక్కణ్ణే పరాయివాణ్ణయిపోయానా తల్లీ?"

ఆమెకు విషయం అర్థమైంది. తల వంచుకుంది.

"బురా మత్ మానో బాబాయ్, ఏటీ అనుకోకు. మనోళ్ళులో ఏటి రాసినా రాయపూరు దాకా ఎలిపోతంది. ఎలాగో తెలీట్లేదు. అందుకే ఆఫీసు లెక్కలో కాకుండా సొంత నంబర్ల మీద వేరేగా పెట్టీసినాం. ఆఫీసులో కూకునేవోళ్ళెవలూ వద్దని అందరూ అన్నారు."

"నేను ఆఫీసోణ్ణా?" అన్నాడు పరబ్రహ్మం. "నీకు ఈ యాప్ నేర్పిందెవలు? మీ నాన్న పోయిన్నాడు తెల్లార్లూ ఈ అరుగు మీద కూకున్నదెవలు? వాళ్ళంటే అన్నారు. నువ్వెలా ఊరుకున్నావు?"

ఆ మాటకు కల్యాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. ఫోను చేతిలోకి తీసుకుంది. తర్వాత టకటకా నొక్కింది.

"తప్పయిపోనాది బాబాయ్. ఇదిగో, కలిపీసినాను. ఎవలేటన్నా నాను సెప్పుకుంటాను. నువ్వు కూకో, టీ పెడతాను."

అతను టీ తాగాడు. కల్యాణి సందు చివరిదాకా వచ్చి ఆటో ఎక్కించింది.

ఆటోలో 'బెల్టు' తెరిచి మొదటి నుంచీ చదివాడు. ఆంజి తీసిన పాడైన బెల్టుల ఫొటోలు తేదీలతో సహా ఉన్నాయి. సోమవారం పదిన్నరకు లేబరు ఆఫీసరు చేతికి అర్జీ ఇవ్వాలని కల్యాణి రాసింది. దాని కింద, వస్తాం అన్న పదకొండు మంది పేర్లు.

చదువుతూ ఉండగానే నాగలక్ష్మి గొంతు వచ్చి పడింది. "బాబాయిని కలిపినారా, మంచి పని సేసినారు. ఆయన నేకపోతే నాకు ధైర్నం నేదు." వెనకే కోటమ్మ, ఆంజి దణ్ణాలు పెట్టారు. ఆఖరికి చిన్నారావు కూడా.

పరబ్రహ్మం అందరికీ తిరిగి దణ్ణం పెట్టాడు.

పవర్ హౌస్ బజారు దగ్గర ఆటో దిగి, జనానికి ఎడంగా ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని, ఇదివరకు ఆంజి పేరూ నాగలక్ష్మి పేరూ పంపినట్టే, ఆ పదకొండు పేర్లూ కల్యాణితో మొదలుపెట్టి వరసగా రాసి రాయపూర్ మేనేజరుకు పంపాడు.