అటక మీది సర్వర్

"కరెంటు పోతే నీ డబ్బా చస్తది. మన పాలమూరు కూలీల ఇంటి నంబర్లన్నీ కంపెనీ సర్వర్లోనే ఉండాలె," అని ముంబై కామాటిపురా తెలుగు కూలీల సంఘం సెక్రటరీ శంకర్రావు తేల్చేశాడు. ఇన్నాళ్లూ ఆ నంబర్లు దాచిన అటక మీది తన సర్వర్ ప్లగ్గును అనసూయ పీకి, వైరు చుట్టి, గోడ మేకుకు తగిలించింది.

అదే రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. "బిడ్డా, మన కూలీ ఒకాయన దవాఖానల ఉన్నడు. ఇంటోళ్లకు చెప్పాలె. కంపెనీది తెరుచుకుంటలేదు."

ఆమె జవాబిచ్చేలోపే అటక మీద సన్నగా గుర్రు మొదలైంది. పచ్చ దీపం వెలిగింది. ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ కూలీ ఇంటి నంబర్ ఎదురుగానే ఉంది. ఫోన్లో చదివి చెప్పింది.

"నీ డబ్బానే గెలిచింది, బిడ్డా," అన్నాడు శంకర్రావు.

అనసూయ గర్వంగా తలెత్తింది. మేకుకు వైరు చుట్టింది చుట్టినట్టే వేలాడుతోంది.

"శాబాష్," అంది మెల్లగా.

గుర్రు ఒక్క క్షణం ఆగింది, విన్నట్టు. మళ్లీ మొదలైంది.