అబ్బాయి తరఫు

“ఏమ్మా, ఈ బాబుది ఏ ఊరు?”

పుష్కరఘాట్ మెట్ల మీద వెనక నుంచి వినిపించిన గొంతుకి ఆశాజ్యోతి ఉలిక్కిపడింది. తిరిగి చూస్తే పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని ఓ ముసలాయన.

పొద్దున్నుంచీ ఇదే వరస. ఒకరు సెల్ఫీ అంటారు. ఒకరు చైనావాడా అంటారు. పూలమ్మే ఆవిడైతే, “ఏం పెట్టి పెంచారే, ఇంత తెల్లగా ఉన్నాడు!” అని బుగ్గలు నొక్కుకుంది.

“జపానండీ,” అంది ముక్తసరిగా.

ఒసాకాలో తనతో పాటు పనిచేసే తకుమికి తన రాజమండ్రి చూపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంది. తీరా వచ్చాక గోదావరి కూడా కంటికి ఆనడం లేదు.

సాయంత్రం ఇంట్లో ఇద్దరూ ఉంగరాలు మార్చుకునే ప్రధానం. వాళ్ళమ్మకి ఆపరేషన్ జరగడంతో తకుమి వైపు నుంచి ఎవరూ రాలేకపోయారు. పెదనాన్న చిట్టియ్య అక్కడ పట్టు పట్టాడు.

“అబ్బాయి తరఫున లేచి నిలబడి, పిల్లనివ్వమని అడిగే పెద్దమనిషి లేకుండా ప్రధానమేంట్రా? నేనొప్పుకోను.”

“ఎవరో ఒకర్ని చూస్తాలే అన్నయ్యా,” అన్నాడు నాన్న విజయ్. ఎవరు దొరికారని ఆశ అడిగితే, “నువ్వెళ్ళి ఊరు చూపించుకో అమ్మా,” అని తప్పించుకున్నాడు.

దొరక్కపోతే?

“వాళ్ళ నాన్నగారేం చేస్తారమ్మా?” ముసలాయన కదల్లేదు.

“బస్సు డ్రైవరు.”

“మంచి మాట. కోపమొస్తే ఈ బాబు ఏం చేస్తాడో అడుగమ్మా.”

ఇదేం ప్రశ్న! ఇష్టం లేకపోయినా ఇంగ్లీషులో అడిగింది. తకుమి కాస్త ఆలోచించాడు.

“గిన్నెలు తోముతాడటండీ.”

ముసలాయన పగలబడి నవ్వాడు. “ఇంట్లో నాదీ అదే పని బాబూ!”

తకుమి వంగి నమస్కరించాడు. ఆశ అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

రోజ్‌మిల్క్ కొట్టు దగ్గర మళ్ళీ అదే గొడుగు.

“ఇంకొక్కటేనమ్మా. వాళ్ళమ్మ ఈ బాబుని ముద్దుగా ఏమని పిలుస్తుంది?”

ఆశకి ఓపిక చచ్చిపోయింది.

“మీకెందుకండీ ఇవన్నీ? పెద్దవాళ్ళు కదా అని ఊరుకుంటుంటే వెంటపడుతున్నారేంటి? మీరెవరండీ మాకు?”

కొట్టు ముందున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. “నిజమేనమ్మా,” అని, తకుమి భుజం తట్టి, ఎండలో గొడుగు తెరవకుండానే వెళ్ళిపోయాడు.

“నాకాయన నచ్చాడు,” అన్నాడు తకుమి.

“మా ఊరి సంగతి నీకు తెలీదు,” అంది ఆశ.

సాయంత్రం ఇల్లంతా చుట్టాలు. ప్రార్థన అయ్యింది.

“అబ్బాయి తరఫు ఎవరండీ?” అడిగారు పాస్టరుగారు.

ఎవరూ లేవలేదు. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. తకుమి ఒక్కడే బిక్కమొహంతో నిలబడ్డాడు. నాన్న గుమ్మం వైపే చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. నాన్న బయటికెళ్ళి మాట్లాడి, మెల్లగా ఆశ పక్కకి వచ్చాడు.

“ఎవరు నాన్నా?”

“రాజరత్నం గారమ్మా, అబ్బాయి తరఫున నిలబడమని నేనడిగింది ఆయన్నే. అబ్బాయి ఎలాంటివాడో చూడకుండా మావాడని ఎలా చెప్తానని, తనెవరో చెప్పకుండా పొద్దున్నే ఘాట్‌కి వెళ్ళారు.”

“గొడుగు పట్టుకున్న ఆయనా?” అంది ఆశ.

“‘అబ్బాయి బంగారం విజయ్, కానీ అమ్మాయికి నేను నచ్చలేదు’ అంటున్నారు, పెద్దాపురం బస్సులోంచి.”